ఎవరూ చదవని పత్రిక

తొంభై అయిదు మే నెల్లో మా ఇంటికి సర్కారు వారి మొదటి ప్రకటన వచ్చింది. మా అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది గానీ, ఆ రోజు మాత్రం ఇంట్లో పెళ్ళి కళ.

ప్రకటనంటే రాసిచ్చిన కాగితం కాదు. చెక్కముక్క మీద బిగించిన జింకు బ్లాకు, అరచెయ్యంత ఉంటుంది. అందులో హిందీ అక్షరాలు, అచ్చులో తిన్నగా పడాలి కాబట్టి అన్నీ తిరగేసి ఉన్నాయి. నాన్న దాన్ని దుర్గ్ నుంచి టెంపోలో, తువ్వాలులో చుట్టి, చంటిపిల్లని తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

"సీతాలక్ష్మీ! పట్టు. ముందు దేవుడి దగ్గిరెట్టు."

"బొట్టెక్కడ పెట్టాలండీ దీనికి?"

"అక్షరాల మీదెట్టీకే తల్లీ, అచ్చులో పడీగల్దు! చెక్కకెట్టు, చెక్కకి!"

మా నాన్న పేరు అప్పలసూరి. ఇక్కడి ఉక్కు ప్లాంటులో ఇరవయ్యారేళ్ళు ఫిట్టరు పని చేశాడు. కుడి మణికట్టు పనికిరాకుండా పోయాక ముందే రిటైరై, సెక్టర్ సిక్స్ క్వార్టరు అప్పజెప్పేసి, వైశాలి నగర్లో అద్దెకి దిగాడు. ఆ ఇంటి వెనక రేకుల షెడ్డులో కాలితో తొక్కే ట్రెడిల్ మిషనొకటి, విజయనగరం నుంచి మోయించుకొచ్చిన తెలుగు అక్షరాల పెట్టెలు కొన్ని పెట్టి, 'ఉక్కు కబురు' అని వారపత్రిక మొదలెట్టాడు. నాలుగు పేజీలు. విశాఖ రైలు టైము ఏం మారింది, ఎవరి పిల్ల పాసయింది, ఎవరు పోయారు, సుపేలా బజార్లో ఏ కొట్టువాడి తూకం ఎంత తక్కువ, అన్నీ ఉండేవి. చివరి దానికి మాత్రం బోలెడు తిట్లు కూడా ఉండేవి. అక్షరాలు పేర్చేది నేను. నా పేరు ఛాయ. అప్పటికి ఇరవై రెండేళ్ళు, హిందీ మీడియంలో బియ్యే. తెలుగు నాకు బళ్ళో రాలేదు, ఆ పెట్టెల్లో వేళ్ళు పెడితే వచ్చింది.

చిన్న పత్రికలకి సర్కారు సాయం చేస్తుంది. చేతికి డబ్బివ్వదు, ప్రకటనలిస్తుంది. దానికో జాబితా ఉంటుంది. అందులో చేరాలంటే మూడేళ్ళపాటు ఒక్క వారం కూడా తప్పకుండా పత్రిక రావాలి. నాన్న తప్పలేదు. మా నాయనమ్మ పోయిందని తంతి వచ్చిన రోజు కూడా, పత్రిక అచ్చు దించాకే రైలెక్కాడు. మా చుట్టాలు ఈ రోజుకీ దెప్పుతారు. ఎన్ని దెప్పినా ఆయన పట్టు ఆయనదే, ఎందుకంటే ఆ జాబితాలోకి ఎక్కకపోతే పత్రిక ఎంతో కాలం నిలవదని మా ముగ్గురికీ తెలుసు. పత్రిక పోతే నాన్న ఏమైపోతాడో కూడా తెలుసు. మొదట్లో పని లేక ఆర్నెల్లు మంచమ్మీద గోడకేసి తిరిగి పడుకున్న మనిషాయన.

అందుకే ఆ బ్లాకుని ముగ్గురం కళ్ళకద్దుకున్నాం. ఒక్కళ్ళమూ చదవలేదు.

ఇది నా తప్పు. నాన్న హిందీ గడగడా మాట్లాడతాడు గానీ చదవడం కూడబలుక్కునే. అమ్మకి బజారు హిందీ. నాకు మాత్రం అది రెండు నిమిషాల పని. ప్రూఫు తీసినప్పుడు మా అక్షరాలన్నీ దిద్దాను, ఆ ప్రకటన డబ్బా దగ్గరికొచ్చేసరికి కళ్ళు దాటించేశాను. సర్కారు పంపినదాంట్లో మనమేం దిద్దుతాంలే అనుకున్నాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

గురువారం పత్రికతోపాటు బూందీ లడ్డూలు కూడా పంచాం. మా పత్రికని ఎక్కువగా కొనేది సెక్టర్లలో ఆఫీసర్ల ఇళ్ళవాళ్ళేం కాదు, ఇటికలబట్టీ బస్తీ. కాలవ పక్కన, పాత ఇటికల బట్టీ ఉన్న చోట, శ్రీకాకుళం విజయనగరాల నుంచి కంట్రాక్టు పనికొచ్చినవాళ్ళూ, ఇక్కడి ఛత్తీస్‌గఢీ వాళ్ళూ కలిసి వేసుకున్న నాలుగు వందల గుడిసెలు. కొనేదేమో అక్కడ అరవై కాపీలు. వినేది మాత్రం అందరూ.

వినడమేమిటంటే, దానికి కారణం నూకమ్మత్త. మొగుడు పోయాక రేకుల పంచ కింద అట్లు పోసుకుని ఇద్దరు కూతుళ్ళని పెంచిన మనిషి. నాన్న మొదటిసారి పత్రిక అమ్మడానికి వెళ్తే, "సదువొచ్చినోళ్ళకి అమ్ముకో సూరన్నా. నాను కొన్నాననుకో, ఎవులు సదివెడతారు?" అందట. "మా అమ్మాయి చదివి పెడుతుంది," అన్నాడట ఈయన. అదిగో, అప్పట్నుంచి ప్రతి గురువారం నాలుగింటికి నేను సైకిలేసుకుని వెళ్ళడం, ఆవిడ పంచలో పీట మీద కూచుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవడం. నలభై యాభై మంది ఆడవాళ్ళు పోగయ్యేవారు. తెలుగు రాని ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు కూడా వచ్చి, "కా లిఖే హే, దీదీ?" ఏం రాసుందక్కా అని మధ్యమధ్యలో అడిగేవారు. వాళ్ళకి హిందీలో చెప్పేదాన్ని.

లడ్డూల వారం అందరూ నోళ్ళు తీపి చేసుకుని, "ఇంక మన పేపరు గవర్నమెంటు పేపరయిపోనాది!" అని సంబరపడ్డారు. నేను మూలనున్న హిందీ డబ్బా వదిలేసి మిగతాదంతా చదివి వచ్చేశాను.

మరుసటి వారం అదే బ్లాకు మళ్ళీ వెయ్యమన్నారు, వేశాం. ఎండ మాడ్చేస్తోంది. నేను చదవడం పూర్తిచేసి పత్రిక మడుస్తుంటే నూకమ్మత్త అట్లకాడతో ఆ మూల చూపించింది.

"అదేటి గుంటా, ఆ డబ్బా సదవ్వేటి?"

"అది సర్కారు ప్రకటనత్తా. మనకక్కర్లేదు."

"అక్కర్లేదని నువ్వెలా సెప్తావే? నాను మొత్తం పేపరు కొన్నాను. పోనవారం కూడా ఆ డబ్బా ఎగ్గొట్టీసినావు, నాను సూణ్ణేదనుకోకు. సదువు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే మొదలెట్టాను. సర్వసాధారణ్ కో సూచిత్ కియా జాతా హై... ప్రజలందరికీ తెలియజేయడమేమనగా. కచేరీ హిందీ ఎంత సాగదీస్తారో మీకు తెలుసుగా, ఒక్క వాక్యం ఊరవతలదాకా పోతుంది. ఒక ముక్క చదవడం, దాన్ని తెలుగులో చెప్పడం. కాలవ పక్క ఫలానా నంబరు సర్కారు భూమిలో బజారు కట్టబోతున్నాం. ఆ భూమిలో ఉన్న పాత ఇటికలబట్టీ తాలూకు గుడిసెలు తొలగిస్తాం. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఈ ప్రకటన పత్రికలో పడిన పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పుకోవాలి.

అక్కడిదాకా వచ్చి ఆగిపోయాను. చివరి ముక్క మిగిలిపోయింది.

"ఆపీసినావేటి? ఇంకా ఉన్నాది కదా," అంది నూకమ్మత్త. ఆవిడ గొంతులో ఇందాకటి వేళాకోళం లేదు.

"చెప్పుకోకపోతే... ఎవరికీ అభ్యంతరం లేనట్టు లెక్క అని ఉందత్తా."

పెనం మీద అట్టు మాడుతోంది. ఎవరూ దాన్ని చూడలేదు. వెనక నుంచి ఒక ఛత్తీస్‌గఢీ అమ్మాయి, "కా లిఖే హే, దీదీ?" అంది మామూలుగానే. నేను చెప్పలేకపోయాను. పక్కనున్నావిడెవరో చెప్పింది.

"పదిహేను రోజులా?" అంది నూకమ్మత్త. "మరి పోనవారం పడిందది. అంటే ఏడు రోజులయిపోనాయి."

"అయిపోయాయి."

ఆవిడ నా మొహంలోకి సూటిగా చూసింది. "మొన్న లడ్డూలెట్టినారు. దీనికేనేటి?"

ఆ మాటకి నేను ఎలా సైకిలెక్కానో, ఎలా వైశాలి నగర్ చేరానో నాకు తెలీదు. జీవితంలో చాలామంది చేత తిట్లు తిన్నాను, ఇంట్లో కూడా తక్కువేం కాదు. ఏదీ అంత లోపలికి దిగలేదు.

ఇంట్లో మాట చెప్పేసరికి నాన్న ముందు నమ్మలేదు. ప్రూఫు కాగితం కళ్ళద్దాలకి ఆనించుకుని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు. పావుగంట పట్టింది. తరవాత కాగితం బోర్లించి పెట్టాడు.

"పేపరన్నాక సవాలచ్చ నోటీసులొస్తాయి," అన్నాడు. "అన్నీ మనం రాసినవేనేటి? ఎవుడో ఇచ్చాడు, మనం ఏశాం."

"వాళ్ళకి లడ్డూలు పెట్టాం నాన్నా."

"తెలిసెట్టావేటే? తెలీకెట్టాం!" అరిచాడు. అరిచి, మళ్ళీ తనే తగ్గాడు. "నువ్వే ఆలోచించు ఛాయా. నాలుగేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే ఇయ్యాల జాబితాలోకెక్కాం. ఇప్పుడు మనం దీని మీద మాటాడితే రేపొద్దున్న ఏరి అవతల పారేస్తారు. పత్రికే లేకపోతే ఇంకెవలి గురించి మాటాడతాం?"

ఆ మాటలో తప్పేం లేదు, అదే నా బాధ. నేను జవాబు వెతుక్కుంటుంటే, బియ్యం ఏరుకుంటూ కూచున్న అమ్మ తల కూడా ఎత్తకుండా అంది.

"మీ ఇష్టం. మీ పత్రిక. వచ్చే గురువారం మాత్రం బస్తీకి మీరెళ్ళి చదవండి. పిల్లని నేను పంపను."

నాన్న లేచి షెడ్డులోకెళ్ళి, మిషను మీదున్న నూనెగుడ్డతో చేతులు తుడుచుకోవడం కనిపించింది. "ఛాయా, రా. స్టిక్కు పట్టుకో, అక్షరాలు పేర్చాలి," అన్నాడు లోపల్నుంచి. "గురువారం దాకా ఎందుకు? రేపే ఏసీద్దాం."

శుక్రవారం మధ్యాన్నానికి ఒక్క కాగితం ప్రత్యేక సంచిక దిగింది. పైన 'ఇటికలబట్టీ బస్తీ వారికి: ఇంక ఏడే రోజులు' అని. కింద నోటీసు మొత్తం తెలుగులో, కచేరీ భాష కాకుండా, నూకమ్మత్తకి ఎలా చెప్పానో అలాగే. దాని కింద నాన్న నాలుగు లైన్లు తనే పేర్చాడు: 'ఈ నోటీసుని మేము రెండు వారాలు చదవకుండా అచ్చువేసినాము. లడ్డూలు కూడా పంచినాము. మాది బుద్ధి తక్కువ పని. క్షమించవలెను. అభ్యంతరం రాయుటకు మా అమ్మాయి రోజూ పదిగంటల నుండి నూకమ్మ గారి దుకాణం వద్ద కూర్చుండును.'

కూచున్నాను. అయిదు రోజులు ఎండలో, అట్ల పొగలో కూచుని హిందీలో అర్జీలు రాశాను. "తమ పేరు, ఊరు, ఎన్నేళ్ళుగా ఉంటున్నారు?" రాసి రాసి వేళ్ళు కొంకర్లు పోయేవి. ప్రతి అర్జీలోనూ 'ఫలానా తేదీ ఉక్కు కబురులో పడిన నోటీసు విషయమై' అని మొదలుపెట్టాను. నూకమ్మత్త లడ్డూల మాట మళ్ళీ ఎత్తలేదు. మొదటి రోజు మధ్యాన్నం ఒక అట్టు తెచ్చి నా కాగితాల పక్కన ఠక్కున పెట్టి, "తిను. మాడిపోనాదని వంకలెట్టకు," అంది. మొత్తం నాలుగు వందల పన్నెండు అర్జీలు. గడువుకి ఒకరోజు ముందు దుర్గ్ కచేరీకి ఊరేగింపులా వెళ్ళి ఇచ్చి, ప్రతిదానికీ అందినట్టు ముద్ర కొట్టించుకుని వచ్చాం.

రెండ్రోజుల్లో దుర్గ్ నుంచి పిలుపు. ఆ ఆఫీసు పేరు నేను చెప్పను. పత్రికలకి ప్రకటనలు పంచే చోటని అనుకోండి. అక్కడి సాబు దేవాంగన్. మనిషి చెడ్డవాడేం కాదు, పైనుంచి ఎవరో గట్టిగా వేసుకున్నట్టున్నారు. మమ్మల్ని కూచోమనలేదు.

"అప్పల్‌సూరీ, నీ చిన్న పేపర్ని బతికిద్దామని నేను ప్రకటనిస్తే, తిన్న పళ్ళానికే చిల్లి పెడతావా?"

"చిల్లేం పెట్టలేదు సాబ్. మీరిచ్చింది మావాళ్ళకి అర్థం కావాలని తెలుగులో చెప్పాం," అన్నాడు నాన్న హిందీలో.

"ఎవరు చెప్పమన్నారు?" దేవాంగన్ బల్ల మీద చరిచాడు. "విజ్ఞాపన్ ఛాప్‌నే కే లియే హోతా హై, పఢ్‌నే కే లియే నహీ!"

ప్రకటన ఉన్నది అచ్చు వెయ్యడానికి, చదవడానికి కాదు. ఆ మాట అనేశాక ఆయనకే వినిపించినట్టుంది, ఫైలు వెతుక్కున్నాడు. రెండు పత్రికల్లో నోటీసు పడాలని రూలు. ఒకటి ఎక్కడో రాయపూర్ నుంచి వచ్చే, బస్తీలో ఎవరూ చూడని పేపరు. రెండోది మాది, హిందీ నోటీసుకి తెలుగు పేపరు. ఎంచి ఎంచి ఎందుకిచ్చారో అప్పటికి గానీ మా బుర్రకెక్కలేదు. సాయమట, సాయం! చెవిటివాళ్ళ వీధి చూసి దండోరా వేయించినట్టు.

బయటికొచ్చాక నాన్న టెంపో స్టాండు దాకా గబగబా నడిచాడు. అక్కడ నిలబడి, "మన పేపరు ఎవలూ సదవరనే ఇచ్చారే అమ్మా," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదలు. నాయనమ్మ తంతి వచ్చినప్పుడు కూడా చూడలేదు.

జూన్ మొదటి వారంలో రిజిస్టరు పోస్టులో ఉత్తరం వచ్చింది. నేను చదివి వినిపించాను. 'ఉక్కు కబురు' అనే పత్రికకు తగినంతమంది పాఠకులు లేరని విచారణలో తేలినందున, ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి సర్కారీ ప్రకటనలకు అనర్హమైనదిగా నిర్ణయించి జాబితా నుంచి తొలగించడమైనది. ముప్ఫై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

"విచారణెప్పుడు చేశార్రా? ఒక్కడొచ్చాడా?" నాన్న ఎగిరెగిరి పడ్డాడు. "అప్పీలేగా! ఏద్దాం! నాలుగొందల పన్నెండు మంది మన పేపరు తారీకేసి మరీ అర్జీలెట్టారు, ఆళ్ళ ఆఫీసులోనే పడున్నాయి. పాఠకులు లేరంటాడా? ఛాయా, కాగితం తియ్యి!"

నేను కాగితం తీశాను. మంచి అప్పీలు రాశాను కూడా, ఇప్పుడు చదివినా నాకు ముచ్చటే. అమ్మ మాత్రం ఆ ఉత్తరాన్ని చేతిలో పట్టుకుని తిరగేస్తూ కూచుంది. చదవలేదు, అంకెలు తెలుసు అంతే.

"ఏప్రిల్ ఒకటి నుంచి అని ఎందుకున్నట్టు? ఇది జూన్ కదా?"

"మనకి రావాల్సిన రెండు ప్రకటనల బిల్లు ఎగ్గొట్టడానికి," అన్నాను.

"సరే. ఏప్రిల్ నుంచి మనది లెక్కలోకి రాని పత్రిక. మరి వాళ్ళ నోటీసు మనం మే నెల్లో కదా వేశాం?" అంది అమ్మ. "పెళ్ళే చెల్లదన్నాక సీమంతం ఎవరికి చేస్తారు?"

నాన్నా నేనూ ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. రెండు పత్రికల్లో పడాలి నోటీసు. మాది పత్రికే కాదంటే పడింది ఒక్కదాంట్లోనే. నోటీసు చెల్లదు. మళ్ళీ మొదట్నుంచి రావాలి. ఆ తెలివి ఆఫీసు నిండా ఉన్న గుమస్తాలెవరికీ రాలేదు, మా అమ్మకొచ్చింది.

ఇంకోటి కూడా ముగ్గురికీ అర్థమైంది, ఎవరూ పైకి అనలేదు. అప్పీలు పెట్టి, మా పత్రిక జనం చదువుతారని నిరూపించుకుంటే జాబితాలో ఉంటాం. అప్పుడు నోటీసు కూడా చెల్లుతుంది. బస్తీ నిలవాలంటే, మా పత్రికని ఎవరూ చదవరన్న మాటని నాన్న ఒప్పుకోవాలి. ఎంతసేపో చూసి చూసి నాన్న అప్పీలూ ఉత్తరమూ రెండూ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ వారమంతా ఆయనతో ఎవరూ ఆ మాటెత్తలేదు.

జూన్ పదిహేనున బస్తీ అర్జీల మీద పేషీ, అంటే విచారణ. ఆకాశం మూసుకొచ్చింది గానీ చినుకు లేదు, ఒకటే ఉక్క. బస్తీ అంతా ఆ కచేరీ ఆవరణలోనే ఉంది, చంకల్లో పిల్లలతో సహా. నూకమ్మత్త పెట్టెలో చీర కట్టుకొచ్చింది.

వరండాలోనే దేవాంగన్ ఎదురొచ్చాడు. ఈసారి, "ఆవోజీ అప్పల్‌సూరీ భయ్యా," అని కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. తారీకుల తిరకాసు ఆయన బుర్రకీ ఎక్కిందన్నమాట. ఒక కొత్త కాగితం తీశాడు.

"చూడు, పొరపాటయింది. అప్పీలు కూడా అక్కర్లేదు. నిన్ను మళ్ళీ జాబితాలో వేశాను, ఇదిగో సంతకం. పంద్రాగస్టు, దీపావళి ప్రత్యేక ప్రకటనలు కూడా నీకే. ఆ పాత ఉత్తరం నాకు తిరిగిచ్చెయ్. దాని నకలు మా ఫైల్లోంచి తీసేశాను. అది నీ దగ్గిర తప్ప ఇంకెక్కడా లేదు."

నాన్న కొత్త కాగితం అందుకున్నాడు. పైనున్న సర్కారు ముద్రని వేలితో నెమ్మదిగా నిమిరాడు. నిజం చెప్పాలంటే, తీసేసుకో నాన్నా అని ఒక క్షణం నాకూ అనిపించింది. మంచమ్మీద గోడకేసి తిరిగి పడుకున్న మనిషి నా కళ్ళ ముందు కదిలాడు. వరండా మెట్ల మీద కూచున్న బస్తీ జనానికి మా మాటలేవీ వినబడ్డం లేదు.

నాన్న గ్లాసెడు నీళ్ళూ తాగాడు. కాగితాన్ని మడతల ప్రకారం మడిచి, బల్ల మీద పెట్టాడు.

"తెలుగు పేపరువాణ్ణి సాబ్," అన్నాడు. "ఇంత హిందీ నాకర్థం కాదు."

లోపల విచారణ చేసే పెద్ద సాబు ఫైలు తెరిచారు. నోటీసు రెండు పత్రికల్లో పడిందా అని అడిగారు. పడిందని గుమస్తా చదివాడు. అప్పుడు నాన్న లేచి, పాత ఉత్తరం నా చేతికిచ్చి, "చదువమ్మా," అన్నాడు. చదివాను. పెద్ద సాబు ఉత్తరం అడిగి తీసుకుని, తారీకు చూసి, ముద్ర చూసి, దేవాంగన్ వైపు చూశారు. దేవాంగన్ గోడ మీది కేలండరు చూస్తున్నాడు.

"దీని మీద మీకు అప్పీలు హక్కుంది," అన్నారు పెద్ద సాబు నాన్నతో. "ఈ కాగితం ఫైల్లో పెడితే ఇందులో ఉన్నది మీరు ఒప్పుకున్నట్టు. తరవాత మార్చుకోవడం కుదరదు. ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నాను సాబ్."

"ఏమని? రికార్డు కోసం చెప్పండి."

నాన్న ఎప్పుడూ దేనికీ నీళ్ళు నమలని మనిషి. ఆ ఒక్క చోట తడబడ్డాడు.

"మా పేపరు... ఎవరూ చదవరు సాబ్."

గుమస్తా రాసుకున్నాడు. గుమ్మం దగ్గర కిక్కిరిసి ఉన్న జనంలోంచి నూకమ్మత్త తనకొచ్చిన హిందీలో అందుకుంది, "సహీ బాత్ బాబూ! ఎవులూ సదవరు. మాకు సదువే రాదు, మేమెక్కడ సదువుతాం?" వెనక నాలుగు వందల మంది, అర్థమైనవాళ్ళూ కానివాళ్ళూ, అవునవునని తలలూపారు. పెద్ద సాబు నవ్వాపుకోడానికి ఫైల్లోకి తల దించేశారు. నోటీసు నియమాల ప్రకారం పడనందున గుడిసెలు తొలగించే ఈ కార్యవాహీ రద్దు అని రాయించారు.

మళ్ళీ నోటీసు రావడానికి రెండేళ్ళు పట్టింది. ఈలోపు బస్తీవాళ్ళు పట్టాలకి అర్జీలు పెట్టుకున్నారు, చాలామందికి వచ్చాయి కూడా. సర్కారు ప్రకటన మాత్రం మా గుమ్మం మళ్ళీ తొక్కలేదు.

పేషీ మర్నాడు పొద్దున్నే నాన్న నాకంటే ముందే షెడ్డులో ఉన్నాడు. వాన మొదలైంది, రేకుల మీద హోరు. మొదటి పేజీ బిగిస్తున్నాడు.

"పత్రిక పేరు కింద ఒక లైనెట్టు ఛాయా."

"ఏమని?"

"సర్కారు వారి రికార్డు ప్రకారం ఈ పత్రికను ఎవరూ చదవరు."

నేను ఆయన మొహం చూశాను. వేళాకోళం కాదు. "ఏ సైజు?" అన్నాను.

"మన దగ్గిరున్న వాటిలో పెద్దది."

పెద్ద సైజు అక్షరాలు మా దగ్గర పత్రిక పేరుకీ, ఏదైనా ముఖ్యమైన శీర్షికకీ సరిపడా ఉండేవి, అంతే. పెట్టె మొత్తం గాలించాను. "చాలవు నాన్నా. 'రు' ఒకటి తక్కువైంది. 'సర్కారు వారి' అన్న ముక్క తీసేద్దామా?"

"అది తియ్యకు."

"మరెలా? మిగిలిన ఒక్కటీ పేరులో ఉంది, కబురులో."

నాన్న ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. చిమటా తీసుకుని, నాలుగేళ్ళుగా ఎవరూ కదపని పత్రిక పేరులోంచి ఆ అక్షరం తనే పైకి లాగి నా అరచేతిలో పెట్టాడు.

"పేరు చిన్నక్షరాల్లో ఏసీ," అన్నాడు.